కండ ఎంత, ఎక్కడ: క్రీడను బట్టి మారే దేహపుష్టి

క్రీడాకారుడి ఒంట్లో కండ ఎంత ఉంటే సరిపోతుందన్న ప్రశ్న వినడానికి సులువుగానే ఉన్నా, దానికి ఒక్క అంకెతో జవాబు చెప్పజూసిన ప్రతిసారీ ఏదో ఒక ఆట ఆ అంకెను తలకిందులు చేసింది. వయోజన పురుషుడి బరువులో రమారమి 38 శాతం, స్త్రీ బరువులో 30 శాతం ఎముకలను అంటిపెట్టుకుని మన ఇష్టం మేరకు కదిలే కండరాలది. వీటినే అస్థి కండరాలంటారు. గుండె కండరం, పేగుల గోడల్లోని కండరం ఈ లెక్కలోకి రావు. ఇది సామాన్యుల సగటు. ఈ సగటు నుంచి ఒక్కో క్రీడ దేహాన్ని ఒక్కో వైపు లాగుతుంది. ఎటు, ఎంత లాగుతుందన్నది చాలావరకు ఒకే విషయం మీద ఆధారపడి ఉంటుంది. ఆ క్రీడలో దేహభారాన్ని మోసేది ఎవరు? సొంత కాళ్లా, చక్రమా, నీళ్లా, లేక ఎవరూ మోయకుండా పోటీకి ముందే తూచి వర్గాలుగా విడదీసే నిబంధనా? కండ ఎంత ఉండాలో తేల్చడానికి ముందు ఈ సంగతి తేలాలి.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ ప్రశ్నే పుట్టలేదు. మరీ పొడవూ మరీ పొట్టీ కాని, మరీ లావూ మరీ సన్నమూ కాని మధ్యస్థ దేహమే అన్ని ఆటలకూ ఆదర్శమని అప్పటి శారీరక విద్యా బోధకులు నమ్మారు. ఆ రోజుల్లో ఎత్తు దూకేవాడికీ ఇనుప గుండు విసిరేవాడికీ ఆకారంలో చెప్పుకోదగ్గ తేడా ఉండేది కాదు. 1940లో విలియం షెల్డన్ మనుషుల దేహాలను మూడు అంశాలుగా విడదీశాడు: గుండ్రని స్థూలతను ఎండోమార్ఫీ అనీ, ఎముక, కండల పుష్టిని మీసోమార్ఫీ అనీ, పొడవాటి సన్నదనాన్ని ఎక్టోమార్ఫీ అనీ పిలిచాడు. దేహాన్ని చూసి స్వభావం చెప్పవచ్చన్న అతని వాదాన్ని శాస్త్రలోకం తోసిపుచ్చినా, 1967లో బార్బరా హీత్, లిండ్సే కార్టర్ సంస్కరించిన రూపంలో ఆ కొలత క్రీడాశాస్త్రంలో నేటికీ వాడుకలో ఉంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వచ్చిన క్రీడాకారులను కొలిచి జేమ్స్ టానర్ 1964లో వెలువరించిన గ్రంథం, ఒక్కో పోటీకి ఒక్కో దేహం ఉన్నదని అంకెలతో చూపింది. శతాబ్దం మొత్తం లెక్కలను పరిశీలించి 2001లో ఆస్ట్రేలియా పరిశోధకులు కెవిన్ నార్టన్, టిమ్ ఓల్డ్స్ మరింత స్పష్టంగా తేల్చినదేమంటే, పొడగరులు ఇంకా పొడవుగా, చిన్నవారు ఇంకా చిన్నగా, బరువైనవారు ఇంకా బరువుగా, విస్ఫోటంలో చెదిరిన నక్షత్రాల్లా క్రీడాకారుల దేహాలు ఒకదానికొకటి దూరం జరుగుతూ వచ్చాయని.

ఇలా దూరం జరగడం వెనుక ఉన్నది గణితం. కండరం చూపగల బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని, అంటే కండను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది. బరువు మాత్రం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. ఆకారం మారకుండా మనిషి రెండింతల ఎత్తు పెరిగాడనుకుంటే అతని బలం నాలుగింతలు, బరువు ఎనిమిదింతలు అవుతాయి. కనుక దేహం పెరిగే కొద్దీ మొత్తం బలం పెరిగినా, ప్రతి కిలో బరువుకు దక్కే బలం తరుగుతూ పోతుంది. వెయిట్‌లిఫ్టింగ్ రికార్డులే దీనికి సాక్ష్యం. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో పోటీపడిన టర్కీ లిఫ్టర్ నయీం సులేమానోగ్లు క్లీన్ అండ్ జెర్క్‌లో 190 కిలోలు, తన బరువుకు మూడు రెట్లకు మించి, తల మీదికి ఎత్తాడు. 2021లో తాష్కెంట్‌లో 267 కిలోలు ఎత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పిన జార్జియా లిఫ్టర్ లాషా తలఖద్జే దేహభారం 170 కిలోలు దాటినది. అతను ఎత్తినది తన బరువుకు ఒకటిన్నర రెట్లు మాత్రమే. వీరిలో బలవంతుడెవరన్న ప్రశ్నకు జవాబు, మోయవలసినది ఇనుమునా తన ఒంటినా అన్నదాన్ని బట్టి మారుతుంది. జిమ్నాస్టిక్స్‌లో ఉంగరాలు పట్టుకుని చేతులు చాచి నిలవడానికి మొదటివాడి కొలతలు కావాలి, ఇనుమును ఎత్తడానికి రెండోవాడి కొలతలు కావాలి.

సొంత దేహాన్ని మోసే క్రీడల్లోనూ అంతటా ఒకే నీతి చెల్లదు. మారథాన్ పరుగులో రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన కెన్యా అథ్లెట్ ఎలియుడ్ కిప్చోగే బరువు సుమారు 52 కిలోలు. వంద మీటర్ల పరుగులో రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన జమైకా అథ్లెట్ షెల్లీ ఆన్ ఫ్రేజర్-ప్రైస్ బరువూ దాదాపు అంతే. త్రాసు ఇద్దరినీ సమానంగా చూపుతుంది. కానీ అతని ఎత్తు 167 సెంటీమీటర్లయితే ఆమెది 152. ఆ పదిహేను సెంటీమీటర్ల తేడాలో రెండు క్రీడల శరీరశాస్త్రమంతా ఇమిడి ఉంది. పరుగులో ప్రతి కిలో బరువును ప్రతి కిలోమీటరు దూరం మోయడానికి సుమారు ఒక కిలో క్యాలరీ ఖర్చవుతుంది. ఆ లెక్కన మారథాన్ రన్నర్ ఒంట్లో అక్కరకు రాని ఒక కిలో కండ చేరితే 42.195 కిలోమీటర్లు ముగిసేసరికి 42 కిలో క్యాలరీలు అదనంగా కాలిపోతాయి. కాలేయం, కండరాలు దాచుకునే పిండిపదార్థపు నిల్వ, అంటే గ్లైకోజెన్, రెండు వేల కిలో క్యాలరీలకు అటూ ఇటూగా ఉంటుంది గనుక ఇది చిన్న సంగతి కాదు. పైగా కండర తంతువు లావెక్కే కొద్దీ రక్తకేశనాళికల నుంచి దాని నడిబొడ్డుకు ఆమ్లజని చేరవలసిన దూరం పెరుగుతుంది. దేహం పెరిగే కొద్దీ వేడి వెళ్లగక్కే చర్మం వైశాల్యం బరువుతో పోలిస్తే తగ్గుతుంది. దూరపు పరుగుకు సన్నని దేహం అందుకే ఒదుగుతుంది.

వంద మీటర్ల పరుగుకు కావలసినది ఇంకొకటి. ఎంత వేగంగా కాళ్లు ఆడించగలరన్నదాని కన్నా నేలను ఎంత గట్టిగా తన్నగలరన్నదే గరిష్ఠ వేగాన్ని నిర్ణయిస్తుందని 2000లో పీటర్ వేయాండ్ బృందం చూపింది. వేగం పుంజుకున్న స్ప్రింటర్ పాదం నేల మీద ఉండేది సెకనులో పదో వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనే దేహభారానికి నాలుగైదు రెట్ల బలంతో నేలను తన్నాలి. అంత బలం కావాలంటే కండ కావాలి. కనుకనే పరుగు దూరం తగ్గే కొద్దీ ఎత్తుకు తగిన బరువు పెరుగుతూ వస్తుంది. అయితే ఆ కండ ఒంటి నిండా పరచుకుంటే ప్రయోజనం లేదు. మేటి స్ప్రింటర్లను అయస్కాంత అనునాద చిత్రణతో, ఆసుపత్రుల్లో ఎంఆర్ఐ అని పిలిచే పద్ధతితో, పరిశీలించిన బ్రిటన్‌లోని లఫ్‌బరో పరిశోధకులు, తుంటి దగ్గర తొడను వెనక్కి నెట్టే కండరాలు, ముఖ్యంగా పిరుదు కండరం, వారిలో విశేషంగా పెరిగి ఉండగా మోకాలి కింది కండరాల్లో ఆ తేడా లేదని గమనించారు. దీనికి కారణం లోలకం వంటి కాలి కదలికలో ఉంది. తిరిగే వస్తువులో బరువు ఇరుసుకు దూరంగా ఉండే కొద్దీ దాన్ని ఊపడం కష్టమవుతుంది. దీన్నే జడత్వ భ్రామకం అంటారు. తుంటి దగ్గరి కిలో కండ ఇంజనుగా పనిచేస్తే పిక్కలోని కిలో కండ బరువుగా మిగులుతుంది. ఒక్కో బూటుకు వంద గ్రాములు పెంచితే పరుగు ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుందన్న ప్రయోగ ఫలితం ఈ లెక్కకే చెందుతుంది. ఎంత కండ అని అడిగే శిక్షకులు ఎక్కడి కండ అని అరుదుగా అడుగుతారు. నిజానికి రెండో ప్రశ్నే విలువైనది.

ఎక్కడ అన్నదానితో పాటు ఎలాంటి కండ అన్నదీ ఉంది. కండరంలో నిదానంగా సంకోచించి త్వరగా అలసిపోని నెమ్మది తంతువులు, చురుకుగా సంకోచించి త్వరగా అలసిపోయే వేగ తంతువులు కలగలిసి ఉంటాయి. మేటి దూరపు పరుగుల వారిలో మొదటివి, స్ప్రింటర్లలో రెండోవి అధికం. దీనికి తోడు 1938లో ఆర్చిబాల్డ్ హిల్ చూపిన సూత్రం ఒకటి ఉంది: కండరం ఎంత వేగంగా కుంచించుకుంటే అంత తక్కువ బలం చూపగలదు. విసిరే పోటీల్లో ఈ సూత్రం కళ్లకు కడుతుంది. పురుషుల ఇనుప గుండు 7.26 కిలోలు, ఈటె 800 గ్రాములు. గుండు చేతిని విడిచేటప్పుడు సెకనుకు సుమారు 14 మీటర్ల వేగంతో వెళ్తే, మేటి అథ్లెట్ విసిరిన ఈటె 30 మీటర్లకు పైబడిన వేగంతో వెళ్తుంది. కనుక గుండుకు బలం, బరువు కావాలి, 2023లో 23.56 మీటర్లు విసిరి ప్రపంచ రికార్డు సాధించిన అమెరికా అథ్లెట్ రయన్ క్రౌజర్ 201 సెంటీమీటర్ల ఎత్తు, 145 కిలోల బరువు గలవాడు. ఈటెకు కొరడాలా విదిలే భుజం, వేగంగా పరుగెత్తి ఒక్క కాలి మీద ఆగగల దేహం కావాలి. 2025లో దోహాలో 90.23 మీటర్లు విసిరిన నీరజ్ చోప్రా ఎత్తు 182 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. ఇద్దరూ విసిరేవారే అయినా వీరి మధ్య దాదాపు అరవై కిలోల అంతరం ఉంది. భుజం చుట్టూ కండ మరీ దట్టమైతే చేయి వెనక్కి వెళ్లే దూరం తగ్గి, ఈటె విసిరేవాడికి ఆ కండే అడ్డంకి అవుతుంది.

దేహాన్ని వేరొకటి మోసే క్రీడల్లో కండకు వెల తగ్గుతుంది, అంటే చౌకగా దొరుకుతుంది. రోయింగ్‌లో బరువును పడవ మోస్తుంది. పడవ కాస్త ఎక్కువ మునగడం వల్ల కలిగే నష్టం, పెరిగిన కండ ఇచ్చే లాభం ముందు స్వల్పం. కనుకనే బరువు పరిమితి లేని విభాగంలో తొంభై, వంద కిలోల రోయర్లు మామూలు. సైకిల్ పందేలు ఇంకా ఆసక్తికరమైనవి. సమతలమైన ట్రాక్ మీద గాలి నిరోధమే ప్రధాన శత్రువు గనుక మొత్తం శక్తి లెక్కలోకి వస్తుంది; కొండ ఎక్కేటప్పుడు భూమ్యాకర్షణే శత్రువు గనుక ప్రతి కిలో బరువుకు ఎన్ని వాట్ల శక్తి అన్నదే లెక్క. ఈ రెండు లెక్కలనూ ఒక్కడే చేసి చూపినవాడు బ్రిటన్ సైక్లిస్టు బ్రాడ్లీ విగిన్స్. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ట్రాక్ పోటీల్లో స్వర్ణాలు గెలిచిన అతను పది కిలోలకు పైగా తగ్గి, ఆల్ప్స్, పిరనీస్ పర్వతాలెక్కే టూర్ డి ఫ్రాన్స్‌ను 2012లో గెలిచాడు. మళ్లీ కండ పెంచుకుని 2016 రియోలో ట్రాక్ మీద స్వర్ణం అందుకున్నాడు. ఒకే మనిషి, ఒకే వాహనం, రెండు ఆదర్శ దేహాలు: ఆదర్శం మనిషిలో కాక దారిలో ఉందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ఈతలో నీరు బరువును మోస్తుంది గానీ ఆకారానికి పన్ను వేస్తుంది. ముంగిట పరచుకున్న కండ నీటి నిరోధాన్ని పెంచుతుంది కాబట్టి, పొడవాటి మొండెం, వెడల్పాటి భుజాలు, సన్నని తుంటి గల దేహాలు అక్కడ నిలిచాయి.

ఎదుటివాడిని ఢీకొట్టే ఆటల్లో బరువే ఆయుధం. జపాన్ సుమో మల్లుల మీద 1994లో ప్రచురితమైన అధ్యయనంలో ఒక మల్లుడి కొవ్వు రహిత ద్రవ్యరాశి, అంటే మొత్తం బరువులోంచి కొవ్వును తీసివేయగా మిగిలినది, 121 కిలోలుగా తేలింది. బలిష్ఠులని పేరున్న చాలామంది క్రీడాకారుల పూర్తి బరువు కన్నా ఇది ఎక్కువ. అంతర్జాతీయ రగ్బీ ఆటగాళ్ల సగటు బరువు 1955లో సుమారు 85 కిలోలుండగా 2015 నాటికి 105 కిలోలకు చేరింది. అయితే రగ్బీలో ఎనభై నిమిషాలు పరుగెత్తాలి కూడా, ఇక్కడే చిక్కు. బలం పెంచే సాధన, దమ్ము పెంచే సాధన ఏకకాలంలో చేసినవారిలో కొన్ని వారాల తరువాత బలం పెరగడం ఆగిపోయిందని 1980లో రాబర్ట్ హిక్సన్ పది వారాల ప్రయోగంలో చూపాడు. దీన్ని ఇప్పటి పరిశోధకులు పరస్పర ఆటంకం అంటారు. తెలుగు నేల మీద చెడుగుడుగా ఎరిగిన కబడ్డీకీ ఇదే చిక్కు ఉంది: పట్టు పట్టేవారికి బరువు కావాలి, ఒక్క ఊపిరితో కూత పెట్టుకుంటూ ముప్పయి సెకన్లలో వెళ్లి తిరిగి రావలసినవారికి చురుకు కావాలి, ఇద్దరినీ ఒకే గీత కింద ఉంచుతూ సీనియర్ పురుషులకు 85 కిలోల పైపరిమితిని నిబంధన విధించింది. ఈ చర్చకు బాడీబిల్డింగ్ పెద్దగా ఉపకరించదు. కండను కండగానే చూసి మార్కులు వేసే పోటీ అదొక్కటే, అక్కడ ఆ కండ చేయవలసిన పని ఏదీ లేదు.

ఈ అంకెలన్నిటినీ చదివేటప్పుడు కొలతల మీద కొంత అనుమానం ఉంచుకోవాలి. కొవ్వు రహిత ద్రవ్యరాశి అంటే కండ అని పత్రికల్లో తరచూ రాస్తుంటారు. అందులో ఎముకలు, అవయవాలు, నీరు కూడా ఉన్నాయి. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది గనుక పోటీకి ముందు అన్నం దండిగా తిన్న రన్నర్‌కు కండ పెరిగినట్టు యంత్రం చూపవచ్చు. వ్యాయామశాలల్లో కాళ్ల కింద పెట్టి స్వల్ప విద్యుత్తు పంపి కొలిచే యంత్రాలకు ఈ బలహీనత మరీ ఎక్కువ. కొవ్వు రహిత ద్రవ్యరాశిని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సూచిక 25 దాటడం ఉత్ప్రేరక మందులు వాడని పురుషులకు అరుదని 1995లో ఒక అధ్యయనం సూచించింది. అప్పటి నుంచి ఆ 25 మందులు వాడినవారిని పట్టే గీటురాయిగా ప్రచారంలోకి వచ్చింది. పైన చెప్పిన సుమో మల్లుడి సూచిక 35. కొవ్వుతో పాటు దాన్ని మోసే కండా పెరుగుతుందన్న సంగతిని ఆ గీటురాయి పట్టించుకోలేదు. ఒక్క అంకెతో మనుషుల నిజాయితీని తేల్చబూనడం అన్యాయం.

దక్షిణాసియా దేహాలకు పరాయి పట్టికలు అన్వయించడంలో మరో ఇబ్బంది ఉంది. పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యడ్కిన్ 2004లో తమ ఇద్దరి ఫొటోనే వైద్య పత్రికలో అచ్చువేశారు. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరికీ 22.3, కొవ్వు మాత్రం యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అదే బరువులో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా ఉండే ఈ ధోరణి సామాన్యులకు సంబంధించినదే అయినా, పన్నెండేళ్ల పిల్లల్ని ఎంపిక చేసే క్రీడా పాఠశాలలు దీన్ని గుర్తుంచుకోవలసి ఉంది. ఐరోపా పట్టికతో సరిపోలలేదని ఒక పిల్లవాడిని పక్కన పెట్టడమూ, సరిపోలాలని అతని చేత బరువులు ఎత్తించడమూ రెండూ పొరపాట్లే.

ఆదర్శాన్ని వెంటాడటంలో జరిగే హాని ఎక్కువగా తగ్గే వైపు నుంచి వస్తుంది. సాధనలో ఖర్చయ్యేంత తిండి తినని క్రీడాకారుల్లో నెలసరి ఆగడం, ఎముకలు పలచబడి పగుళ్లివ్వడం, చివరికి కాపాడుకోవాలనుకున్న కండే కరగడం కనిపిస్తాయి. ఈ స్థితికి అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం నిపుణులు 2014లో క్రీడలో సాపేక్ష శక్తి లోటు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. స్కీ జంపింగ్‌లో తేలికైనవాడు గాలిలో ఎక్కువ దూరం తేలతాడు గనుక ఆటగాళ్లు ప్రమాదకరంగా చిక్కిపోసాగారు. ఎత్తుకు తగిన బరువు లేనివాడు పొట్టి స్కీలు వాడాలని 2004లో నిబంధన తెచ్చాకే ఆ పోకడ కొంత తగ్గింది. నిపుణుల హితబోధలు చేయలేని పనిని కొలబద్ద చేసింది.

నిబంధనలే ఆదర్శ దేహాన్ని తయారుచేస్తాయనడానికి బరువు విభాగాలున్న క్రీడలు తిరుగులేని రుజువు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995లలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత. 2000 సిడ్నీలో ఆమె 69 కిలోల విభాగంలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఆ పోటీలో చైనా, హంగరీ లిఫ్టర్లు ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తగా, అప్పటి నియమం ప్రకారం ఒంటి బరువు తక్కువగా ఉన్న చైనా లిఫ్టర్‌కు స్వర్ణం దక్కింది. ఒలింపిక్ ఫలితాన్ని తేల్చినది ఎత్తిన ఇనుము కాదు, ఎత్తని దేహం. నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో, 2023లో 50 కిలోల విభాగంలో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగమే లేదు. అక్కడే 2024 ఆగస్టు 7న రెజ్లర్ వినేశ్ ఫోగాట్ 50 కిలోల పరిమితికి వంద గ్రాములు ఎక్కువ తూగి ఫైనల్ ఆడకుండానే అనర్హురాలైంది. ఇలాంటి క్రీడల్లో తగిన కండ ఎంతో తేల్చేది శరీరశాస్త్రం కన్నా ముందు నిర్వాహకుల పట్టిక. రోయింగ్‌లో జట్టు సగటు 70 కిలోలు దాటకూడదన్న తేలిక పురుషుల విభాగం 1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చి, ఒక తరం రోయర్ల దేహాలను ఆ తూకానికి తీర్చి, 2024 పారిస్‌తో రద్దయింది.